మాత్ర మానేశారా, వదినా?

వదినా, ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఇవాళ బీపీ మాత్ర వేసుకున్నారా? నిన్నో? "తల తిరగట్లేదు, కళ్లు మసకబారట్లేదు, బానే ఉన్నాను కదా" అని నాలుగు రోజుల్నించీ వదిలేశారా? మన గోదావరి జిల్లాల్లో ఏ ఇంటికెళ్లినా ఫ్రిజ్జు మీదో, టీవీ స్టాండులోనో, పోపులడబ్బా పక్కనో సగం వాడిన స్ట్రిప్పు ఒకటి కనపడుతుంది. మావగారి మాత్రలు టైముకి మనమే అందిస్తాం. అత్తగారి షుగరు చీటీ మనమే గుర్తుపెట్టుకుంటాం. మన మాత్ర దగ్గరికొచ్చేసరికి "వంటయ్యాక చూద్దాంలే" అంటాం. ఆ తర్వాత చూడం.

ఈ నెల ఆ చిన్న మాత్ర గురించే కూర్చుని మాట్లాడుకుందాం. దాని కథలో మన ఊళ్లు కూడా ఉన్నాయి మరి.

2003-04 సంవత్సరంలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఒక పెద్ద పని జరిగింది. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాద్ కేర్ ఆసుపత్రుల ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి చేశాయి. ఆ ఊళ్ల జనాభా అంతా కలిపి 1,80,162. ఏడాదిలో ఎంతమంది పోయారు, దేనివల్ల పోయారు, అన్నది తేల్చాలి. మన పల్లెల్లో మనిషి పోతే పోస్టుమార్టం ఎవరు చేయిస్తారు చెప్పండి? "పెద్దాయన, వయసైపోయింది", "రాత్రి పడుకుంది, తెల్లారి లేవలేదు", "గాలి సోకింది" అనుకుని దింపుడుకళ్లం దాటించేస్తాం. డాక్టరు రాసిన కాగితం ఉండదు.

అందుకని ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, చావు జరిగిన ప్రతి ఇంటికీ పంపించారు. వాళ్లు ఇంటివాళ్ల దగ్గర కూర్చుని అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయంటే: ఛాతీలో నొప్పి అన్నారా? ఎంతసేపుంది? చెమటలు పట్టాయా? మాట ముద్దగా వచ్చిందా? ఒక పక్క చెయ్యి, కాలు పడిపోయాయా? జ్వరం ఎన్నాళ్లుంది? అంతకుముందు బీపీ ఉందని ఎవరైనా చెప్పారా? ఏం మందులు వాడేవారు? ఆ జవాబులన్నీ రాసుకొస్తే డాక్టర్లు చదివి, ఏ జబ్బుతో పోయి ఉంటారో నిర్ణయిస్తారు. ఆ ఏడాది పోయినవాళ్లు 1,354 మంది. వాళ్లలో నూటికి 98 మంది ఇళ్లలో ఈ వివరాలు అందాయి. దుఃఖంలో ఉన్న ఇంట్లోకి వెళ్లి ఇవన్నీ అడగడం ఎంత కష్టమో, తల్లినో మొగుణ్నో పోగొట్టుకుని కూర్చున్న మనిషి అవన్నీ తలుచుకుని చెప్పడం ఎంత కష్టమో మనకి తెలుసు. అయినా చెప్పారు, వదినా. వాళ్లకి మనం రుణపడి ఉన్నాం.

తేలిందేమిటంటే, ఆ చావుల్లో నూటికి 32 గుండెకీ రక్తనాళాలకీ సంబంధించినవి. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నమాట. దెబ్బలు, ప్రమాదాలు 13 శాతం. అంటురోగాలు 12 శాతమే. అప్పటిదాకా పెద్ద పెద్దవాళ్లు కూడా ఏమనుకునేవారు? పల్లెటూళ్లంటే మలేరియా, విరేచనాలు, క్షయ. గుండెజబ్బంటే పట్నంలో కార్లలో తిరిగేవాళ్లకొచ్చేది. ఊడ్పులకీ కోతలకీ వంగి పనిచేసే మనిషికి గుండెపోటేమిటి, అనేవారు. 2006లో ఈ లెక్కలు అంతర్జాతీయ పత్రికలో అచ్చయ్యాక ఆ మాట అనడానికి వీల్లేకుండా పోయింది. కోనసీమ కొబ్బరితోటల మధ్యా, డెల్టా వరిచేల మధ్యా జనాన్ని తీసుకుపోతున్నది ఇదేనని మన ఇళ్లవాళ్ల నోటితోనే తేలింది.

ఇక ఆ మాత్ర ఏం చేస్తుందో చెప్తాను. మనకి కాలవలు తెలుసు కాబట్టి ఆ లెక్కన చెప్పుకుందాం. కాలవలో నీటి ఒరవడి ఎక్కువై గట్లు కోసేస్తుంటే ఏం చేస్తాం? నీళ్లు తగ్గించవచ్చు. కాలవ వెడల్పు చేయవచ్చు. పైనుంచి వదిలే జోరు తగ్గించవచ్చు. బీపీ మందులూ అంతే. ఒంట్లో అదనంగా ఉన్న ఉప్పునీ నీళ్లనీ ఒంటేలుకి పంపేవి ఒక రకం, వీటినే నీటిమాత్రలంటాం. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ ఆ జాతివి. రక్తనాళాల గోడలు బిగుసుకోకుండా వదులు చేసేది ఆమ్లోడిపిన్. నాళాలు ముడుచుకోమని ఒళ్లు పంపే సంకేతాన్ని అడ్డుకునేవి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి. గుండె కొట్టుకునే జోరు తగ్గించేవి అటెనొలాల్, మెటొప్రొలాల్. డాక్టరుగారు మీకు ఒకటి, మీ పక్కింటావిడకి ఇంకొకటి రాశారంటే కారణం ఇదే. ఆవిడ మాత్ర బాగా పనిచేసిందని మీరు తెచ్చుకోకూడదు. మీది ఆవిడకి ఇవ్వకూడదు.

మనిషి ఒంట్లో మందు ఎంతసేపు ఉంటుంది, ఎంత మోతాదుకి ఎంత పనిచేస్తుంది, దేనితో కలిస్తే పడదు, ఇవన్నీ తేల్చే శాస్త్రం ఒకటుంది. క్లినికల్ ఫార్మకాలజీ అంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. మనం మాత్ర ఎందుకు మానేస్తామో ఆ శాస్త్రం దగ్గర జవాబుంది. ఆమ్లోడిపిన్ మింగారనుకోండి. అందులో సగం ఒంట్లోంచి పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అంటే ఇవాళ వేసుకున్నదాంట్లో కొంత ఉండగానే రేపటిది వచ్చి కలుస్తుంది. అలా రోజూ వేసుకుంటే వారం పైన పడుతుంది, ఒంట్లో మందు ఒక స్థాయికి చేరి నిలబడడానికి. అందుకే మొదటి రెండు రోజుల్లో బీపీ చూపించుకుని "ఈ మాత్ర పన్లేదు" అని పారేయకూడదు.

మానేసినప్పుడు జరిగేదీ అదే, వదినా, తిరగేసి. ఇవాళ మానేశారు, రేపు ఏమీ కాలేదు. ఎల్లుండి కూడా బానే ఉన్నారు. "చూశావా, మాత్ర లేకపోయినా బానే ఉన్నాను" అనిపిస్తుంది. పాత మందు ఇంకా ఒంట్లో ఉండి కాపాడుతోంది కాబట్టి అలా అనిపిస్తుంది. అది నెమ్మదిగా పోతుంది, బీపీ నెమ్మదిగా పైకెక్కుతుంది, మీకు ఏ నొప్పీ తెలీదు. అటెనొలాల్ లాంటివైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. అవి ఒక్కసారిగా మానేస్తే గుండె ఎదురుతిరిగి జోరందుకుంటుంది. గుండెజబ్బున్నవాళ్లకి అప్పుడు నొప్పి రావచ్చు, ఏకంగా గుండెపోటే రావచ్చు. ఆ మాత్ర మార్చాలన్నా ఆపాలన్నా డాక్టరుగారు మెల్లగా తగ్గిస్తూ ఆపుతారు. మనంతట మనం ఆపకూడదు.

"రెండో మాత్ర రాశారు, అంటే నాకు ముదిరిపోయినట్టే" అని బెంగపెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. బెంగపడకండి. ఒకే మాత్ర మోతాదు రెట్టింపు చేయడం కంటే, ఇంకో రకం మాత్ర కొంచెం కలిపితే బీపీ సుమారు ఐదు రెట్లు బాగా తగ్గుతుందని 42 పరిశోధనలు కలిపి చూసి 2009లో లెక్కతేల్చారు. పైగా తక్కువ మోతాదులు కాబట్టి ఇబ్బందులు కూడా తక్కువ. రెండు మాత్రలు రాశారంటే డాక్టరుగారు ఆలోచించి రాశారని అర్థం.

అసలు బీపీ తగ్గిస్తే మేలని ఎవరు రుజువు చేశారు? ఇది చెప్పితీరాలి, ఎందుకంటే అందులో మన దేశపు వేరు ఒకటుంది. సర్పగంధ మన నాటువైద్యంలో ఎప్పట్నించో ఉన్న మొక్క. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దాని వేరు బీపీని ఎలా తగ్గిస్తుందో ఇంగ్లండు పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండు కంపెనీ సీబా వాళ్లు ఆ వేరులోంచి రిసర్పిన్ అనే మందుని వేరుచేశారు. తర్వాత అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఎడ్వర్డ్ ఫ్రైస్ అనే డాక్టరుగారు 143 మందిని తీసుకున్నారు. కింది అంకె 115 నుంచి 129 దాకా ఉన్నవాళ్లు, అంటే బాగా ఎక్కువే. 73 మందికి మందులు, 70 మందికి మందులేని ఉత్తి మాత్ర. ఆ మందుల్లో రిసర్పిన్ ఒకటి. 1967లో ఫలితం బయటపెట్టారు. ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 27 మందికి పక్షవాతమో, గుండె దెబ్బతినడమో, అలాంటి పెద్ద ఆపద వచ్చింది. మందు వేసుకున్నవాళ్లలో ఇద్దరికే. రిసర్పిన్ మనసుని కుంగదీస్తుందన్న భయంతో వాడకం తగ్గిపోయింది గానీ, బీపీకి మందు వేసి తీరాలన్న మాట ఆ పరీక్షతోనే నిలబడింది.

ఇందులో నా మనసుకి గుచ్చుకునేది ఒకటుంది. ఆ 143 మందీ మగవాళ్లే. ఆడవాళ్ల ఒంట్లో మందు ఎలా పనిచేస్తుందో అడగడానికి శాస్త్రానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఆ లోటు చాలావరకు తీరింది. 2021లో 48 పరిశోధనల్లోని 3,44,716 మంది వివరాలు కలిపి చూస్తే, పై అంకె 5 తగ్గినా గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ఆపదలు సుమారు పదోవంతు తగ్గుతున్నాయని తేలింది. ఐదంటే ఐదే, వదినా. 150 ఉన్నది 145 అయినా లాభమే.

ఇబ్బందుల సంగతి దాచను. ఆమ్లోడిపిన్ వేసుకుంటే కొందరికి సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. మన డెల్టాలో కాలు వాచిందంటే చాలు, బోదకాలని గుండె జారిపోతుంది. (ఆ బోదకాలుకి వాడే డైఇథైల్ కార్బమజైన్ మందు 1947లో అమెరికాలో లెడర్లీ కంపెనీలో బయటికి రావడం వెనక ఉన్నది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ పేరు మన పిల్లలకి చెప్పండి.) ఆమ్లోడిపిన్ వాపు బోదకాలు కాదు. డాక్టరుగారికి చూపిస్తే మోతాదు తగ్గిస్తారు, లేదా టెల్మిసార్టాన్ లాంటిది కలుపుతారు, వాపు తగ్గుతుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో కొందరికి పొడిదగ్గు వస్తుంది. మెడికల్ షాపులో దగ్గుమందు కొనుక్కుని తాగడం దండగ. మాత్ర మారిస్తే ఆ దగ్గు పోతుంది. నీటిమాత్ర పొద్దున్నే వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు.

దీనికంటే నన్ను భయపెట్టేది మోకాళ్ల నొప్పుల మాత్రలు. నాట్లయ్యాక నడుం పట్టేస్తే, మోకాళ్లు లాగేస్తే, షాపుకి వెళ్లి "నొప్పులకి ఏదైనా ఇవ్వండి" అంటాం. డైక్లోఫినాక్ లాంటిది ఇస్తారు. ఆ జాతి మాత్రలు రోజూ వేసుకుంటే బీపీ పెరుగుతుంది. టెల్మిసార్టానూ నీటిమాత్రా వాడుతున్న మనిషి దానికి తోడు ఇవి కూడా మింగితే కిడ్నీల మీద మూడువైపులా దెబ్బ. నొప్పులకి మందు తీసుకునేటప్పుడు "నాకు బీపీ ఉంది, ఫలానా మాత్రలు వాడుతున్నాను" అని స్ట్రిప్పు చూపించండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నెలతప్పిన పిల్లలు ఇంట్లో ఉంటే ఈ ముక్క రెండుసార్లు చదివించండి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి కడుపులో బిడ్డకి హాని చేస్తాయి. బీపీ మాత్ర వాడుతున్న అమ్మాయి పిల్లల్ని అనుకుంటున్నప్పుడే డాక్టరుకి చెప్పాలి. గర్భిణికి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా ఇస్తారు. ఈ మూడింటినీ నాగపూర్‌లోని రెండు ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణుల మీదే పోల్చిచూసి 2019లో ఫలితాలిచ్చారు, మూడూ పనికొచ్చేవే. మన అమ్మమ్మలు గుర్రపువాతం అని ఒణికిపోయేవారే, ఆ మూర్ఛలకి దారితీసేది గర్భంలో పెరిగే ఈ బీపీయే. కానుపయ్యాక తగ్గిపోయిందని మర్చిపోకండి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ వచ్చినవాళ్లకి పెద్దయ్యాక మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఏడాదికోసారైనా చూపించుకోవాలి.

చూపించుకోవడమంటే ఎలా? పరుగున వచ్చి, స్టూలు మీద కాళ్లు వేలాడేసుకుని, జాకెట్టు చెయ్యి మీదే పట్టీ చుట్టించుకుంటే ఆ అంకె నమ్మేది కాదు. ఒంటేలుకి వెళ్లొచ్చి, వీపుకి ఆనుడు ఉన్న కుర్చీలో ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చోవాలి. పాదాలు నేలమీద ఆనాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ముందు అరగంట కాఫీ వద్దు. రెండుసార్లు చూడమనండి. మళ్లీ మళ్లీ 140, 90 దాటుతుంటే అప్పుడు మందు మాట.

ఉప్పు గురించి మిమ్మల్ని దెప్పను, ఆవకాయ లేని ఇంట్లో నేనూ ఉండలేను. ఒక్క లెక్క మాత్రం చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాములు, అంటే చెంచాడు, చాలంటుంది. ఆంధ్రలో ఒంటేలు పరీక్ష చేసి చూస్తే మనిషికి సగటున 9.46 గ్రాములు తేలింది. ఎండుచేపల కూర, చల్లమిరపకాయలు, మజ్జిగన్నంలోకి మాగాయ ముక్క ఒకే రోజు పడితే ఆ లెక్క ఎక్కడిదో అర్థమైపోతుంది. మూడింట్లో ఒకటే ఉంచుకుందాం. సిద్దిపేట జిల్లా ఊళ్లలో 502 మంది బీపీ ఉన్నవాళ్లకి సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇస్తే పై అంకె సగటున 4.6 తగ్గింది. అయితే ఆ ఉప్పు కిడ్నీజబ్బు ఉన్నవాళ్లకీ, టెల్మిసార్టాన్ జాతి మాత్రలు వేసుకునేవాళ్లకీ పడకపోవచ్చు. డాక్టరుగారిని అడక్కుండా కొనకండి.

మళ్లీ మన ఊళ్లలోకొస్తాను. ఆ చావుల లెక్క తర్వాత అక్కడే 44 ఊళ్లలో ఇంకో ప్రయోగం చేశారు. కొన్ని ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలకి ఒక పద్ధతి నేర్పారు, ఎవరికి గుండె ప్రమాదం ఎక్కువో ఇంటికొచ్చి గుర్తుపట్టి డాక్టరు దగ్గరికి పంపేలా. కొన్నిట్లో పోస్టర్లతో, వీధినాటకాలతో ప్రచారం చేశారు. ప్రచారంతో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పద్ధతి నేర్చుకున్న కార్యకర్తలు ఉన్నచోట మాత్రం ప్రమాదంలో ఉన్నవాళ్లలో 63 శాతాన్ని గుర్తుపట్టారు, లేనిచోట 51 శాతాన్నే. గోడమీద బొమ్మ కన్నా గుమ్మంలోకొచ్చి పట్టీ కట్టే మనిషి నయమని నేను దీన్నిబట్టి నమ్ముతాను.

ఆ తర్వాత పశ్చిమ గోదావరిలో 54 ఊళ్లు, 18 పీహెచ్‌సీల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చారు. ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, అందులో కొడితే ప్రమాదం ఎంతో లెక్క వచ్చేది. ఆ వివరాలు పీహెచ్‌సీ డాక్టరుకి చేరేవి. ఎంత ఓపికగా చేశారో ఆ ఆశా అక్కలు! అయినా 2019లో ఫలితాలు చూస్తే, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో తేడా రాలేదు. నాకిది చదివినప్పుడు కడుపులో దేవినట్టయింది. గుర్తించడం మనవాళ్లకి చేతనైంది. మాత్ర ఆ మనిషి చేతికి ప్రతినెలా అందడం, ఆ మనిషి రోజూ మింగడం, ఈ రెండూ జరిగితే తప్ప అంకె దిగదు.

మింగడం సులువు చేయడానికీ ఒక దారి చూశారు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్లు ఆస్పిరిన్, కొలెస్టరాల్ మందు, రెండు బీపీ మందులు కలిపి ఒకే మాత్రగా తయారుచేశారు. గుండెజబ్బు ఉన్నవాళ్లు, వచ్చే ప్రమాదం ఎక్కువున్నవాళ్లు 2,004 మందిలో, వాళ్లలో సగం మంది మన దేశంవాళ్లే, సగానికి ఈ ఒక్క మాత్ర, మిగతావాళ్లకి మామూలుగా విడివిడి మందులు. 2013లో వచ్చిన ఫలితం ప్రకారం ఒక్కటే మింగేవాళ్లలో 86 శాతం సక్రమంగా వాడారు, విడిగా వాడేవాళ్లలో 65 శాతమే. కాబట్టి మీకు మూడు నాలుగు రాస్తే "వీటిని కలిపి ఒకటిగా వచ్చేది ఉందా అండీ?" అని డాక్టరుగారిని అడగండి. ఏ పూట వేసుకోవాలన్న సందేహం కూడా వద్దు. బ్రిటన్‌లో 21,104 మందితో చూశారు, పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెకి ఒకటే. మీరు మర్చిపోని పూట వేసుకోండి. కార్తీక సోమవారం ఉపవాసమైనా బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. షుగరు మాత్ర మాత్రం వేరు, ఖాళీ కడుపుతో కళ్లు తిరిగి పడిపోవచ్చు, దానికి ముందే డాక్టరు సలహా కావాలి.

ఇక అందడం సంగతి. అది మన చేతిలోనూ కొంత ఉంది. వచ్చే డ్వాక్రా మీటింగుకి ఏఎన్ఎం అమ్మాయిని బీపీ మిషనుతో రమ్మనండి. పొదుపు పుస్తకంలో వాయిదా రాసినట్టే, చివరి పేజీలో పేరు పక్కన ఎవరి అంకె వాళ్లు రాయించుకోండి. 104 బండి వచ్చే రోజు ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ స్టాకు ఉందా అని గ్రూపంతా కలిసి అడగండి. "వచ్చే నెల రండి" అంటే, ఈ నెల ఏం వేసుకోమంటారో కూడా అక్కడే నిలబడి అడగండి.